మిత్రదేశాలు, ఉగ్రవాదుల డబ్బు: ఈ వారం మీ ఉత్తరాలు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి: ఉగ్రవాదులకి డబ్బూ నీడా దొరికే దేశాలతో పెద్ద దేశాలు ఎందుకు స్నేహం చేస్తున్నాయని. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. పదిహేడు రోజులకి, మే 9న, ఐఎంఎఫ్ పాకిస్తాన్‌కి దాదాపు వంద కోట్ల డాలర్ల అప్పు విడుదల చేసింది, మనవాళ్లు ఓటు వేయకుండా అభ్యంతరం మాత్రం చెప్పి వచ్చారు. జూన్‌లో పాక్ సైన్యాధిపతి ఆసిమ్ మునీర్‌ని ట్రంప్ వైట్‌హౌస్‌కి భోజనానికి పిలిచాడు. సెప్టెంబర్‌లో సౌదీ అరేబియా పాకిస్తాన్‌తో రక్షణ ఒప్పందం చేసుకుంది. ఇవన్నీ వరసగా చూసినవాళ్లకి కడుపు మండుతుంది, నాకూ మండింది. అయినా తెలిసిన విషయాలు తెలిసినట్టు చెబుతాను, నా అభిప్రాయం ఉన్నచోట అది నా అభిప్రాయమనే చెబుతాను.

ప్ర: మా ఆయన పన్నెండేళ్ల సంది రియాద్‌ల డ్రైవర్ పని చేస్తుండు. ఆయన పంపిన పైసలతోనే ఇల్లు కట్టుకున్నం, పిల్లలు చదువుకుంటున్నరు. టీవీల మాత్రం సౌదీ పైసలే ఉగ్రవాదులకు పోతయని చెప్తరు, మల్ల అమెరికా వాళ్లే సౌదీతోని దోస్తీ చేస్తరు. ఇండ్ల నిజమెంత సార్?
(ఒక గృహిణి, జగిత్యాల)

జ: అమ్మా, ముందు మీ మనసులో ఉన్న భయం సంగతి. మీ ఆయన రాత్రీపగలూ బండి నడిపి సంపాదించిన జీతానికీ టీవీలో చెప్పే డబ్బుకీ సంబంధం లేదు, ఆ టెన్షన్ పెట్టుకోకండి.

ఇక సౌదీ సంగతి. 2001 సెప్టెంబర్ 11న అమెరికా మీద దాడి చేసిన 19 మందిలో 15 మంది సౌదీ పౌరులు. ఆ దాడికి మొత్తం నాలుగు నుంచి ఐదు లక్షల డాలర్లు ఖర్చయిందని అమెరికా దర్యాప్తు కమిషన్ 2004లో లెక్క తేల్చింది. దాడికి ముందు అల్‌ఖైదా ఏడాది ఖర్చు మూడు కోట్ల డాలర్లు ఉండేదని, అందులో ఎక్కువ భాగం గల్ఫ్‌లోని, ముఖ్యంగా సౌదీలోని దాతల నుంచి, ధర్మసంస్థల ద్వారా వచ్చేదని కూడా చెప్పింది. అదే కమిషన్, సౌదీ ప్రభుత్వం ఒక సంస్థగా గానీ అక్కడి పెద్ద అధికారులు వ్యక్తిగతంగా గానీ అల్‌ఖైదాకి డబ్బిచ్చినట్టు ఆధారం దొరకలేదని రాసింది. ఈ రెండు మాటల మధ్య ఉన్న సందులోనే ఇరవై ఏళ్లు దౌత్యం నడిచింది.

ఆ సందులో ఉన్నది ఏమిటంటే చందా. అనాథల కోసం, బావుల కోసం, మదరసాల కోసం అని జనం భక్తితో ఇచ్చిన డబ్బు. ఇచ్చినవాళ్లలో చాలామందికి అది చివరికి ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు, తెలిసి ఇచ్చినవాళ్లూ ఉన్నారు, ప్రభుత్వం చాలాకాలం చూసీ చూడనట్టు ఊరుకుంది. 2003 మే 12న రియాద్‌లోనే విదేశీయులు ఉండే ఇళ్ల సముదాయాల మీద బాంబు దాడులు జరిగాయి. మంట తమ ఇంటికి అంటుకున్నాక గానీ వాళ్లు కదల్లేదు. చందా డబ్బాలు తీయించారు, అల్ హరమైన్ అనే పెద్ద ధర్మసంస్థని 2004లో రద్దు చేశారు. అయినా 2009 డిసెంబర్‌లో అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ పేరుతో వెళ్లిన రహస్య సందేశం, తర్వాత వికీలీక్స్‌లో బయటపడింది, ప్రపంచంలోని సున్నీ ఉగ్రవాద సంస్థలకు అన్నిటికంటే పెద్ద ఆదాయం సౌదీ దాతలదే అని చెప్పింది. బయట కెమెరాల ముందు మాత్రం రెండు దేశాలూ గట్టి మిత్రులే.

మరి అమెరికా ఎందుకు తెంచుకోదంటారా? చమురు ఉంది, ఆయుధాల వ్యాపారం ఉంది, వాటికి తోడు ఇంకో కారణం కూడా ఉంది. 2010 అక్టోబర్‌లో యెమెన్ నుంచి కార్గో విమానాల్లో ప్రింటర్లలో దాచి పంపిన బాంబులు దుబాయ్‌లో ఒకటి, ఇంగ్లండ్‌లో ఒకటి దొరికాయి. ఆ సమాచారం ఇచ్చింది సౌదీ గూఢచారులే. ఒకే దేశంలో డబ్బు ఇచ్చేవాడూ ఉన్నాడు, బాంబు ఆపినవాడూ ఉన్నాడు. మొదటివాడి మీద కేసు పెడితే రెండోవాడు ఫోన్ ఎత్తడేమోనని పెద్ద దేశాల భయం. 2006 డిసెంబర్‌లో బ్రిటన్ సరిగ్గా ఈ భయంతోనే, సౌదీకి అమ్మిన యుద్ధవిమానాల బేరంలో లంచాల మీద జరుగుతున్న దర్యాప్తుని సగంలో ఆపేసింది. ఉగ్రవాదుల సమాచారం ఇవ్వడం ఆగిపోతుందని టోనీ బ్లెయిర్ ప్రభుత్వం కారణం చెప్పింది. అదే బ్రిటన్‌లో, తీవ్రవాద బృందాలకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చమని కామెరాన్ హయాంలో చేయించిన నివేదికని 2017లో పూర్తిగా బయటపెట్టలేదు, చిన్న సారాంశం మాత్రం ఇచ్చి సరిపెట్టారు. స్నేహం కొనసాగించడం నాకు అర్థమవుతుంది. జనం డబ్బుతో రాయించిన నివేదికని ఆ జనం దగ్గరే దాచడం మాత్రం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ప్ర: మా అబ్బాయి దోహాలో ఉంటాడండి. ఖతార్ హమాస్‌కి డబ్బిచ్చిందంటారు, అమెరికా సైనిక స్థావరమూ అక్కడే ఉందంటారు. ఈ రెండూ ఒకచోట ఎలా ఉంటాయండి?
(అమలాపురం నుంచి ఒక తండ్రి)

జ: ఉంటాయండి, ఎందుకంటే ఇద్దరికీ అక్కర ఉంది. ఎవరితో మాట్లాడితే తమ దేశంలో గొడవ అవుతుందో వాళ్లతో మాట్లాడటానికి అమెరికాకి ఒక ఇల్లు కావాలి, ఖతార్ ఆ ఇల్లు ఇచ్చింది. తాలిబన్‌తో 2020 ఫిబ్రవరి ఒప్పందం దోహాలోనే జరిగింది కదా. హమాస్ పాలనలో ఉన్న గాజాకి వెళ్లిన ఖతార్ డబ్బు కూడా రహస్యంగా వెళ్లలేదు. 2018 నవంబర్‌లో మొదటి విడత కోటిన్నర డాలర్లు సూట్‌కేసుల్లో, ఇజ్రాయెల్ ప్రభుత్వం ఒప్పుకున్న తర్వాతే, గాజాలో ఉద్యోగుల జీతాలకని చేరింది.

2017 జూన్ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్ట్ కలిసి ఖతార్‌ని వెలివేశాయి, ఉగ్రవాదులకి డబ్బిస్తోందని. మర్నాడే ట్రంప్ ఆ నాలుగు దేశాలని మెచ్చుకుంటూ ట్వీట్ చేశాడు, అప్పటికి పదివేల మంది అమెరికా సైనికులు దోహా పక్కన అల్ ఉదైద్ స్థావరంలోనే ఉన్నారు. నెల దాటగానే, జూలైలో, ఆయన విదేశాంగ మంత్రి టిల్లర్సన్ దోహా వెళ్లి, ఉగ్రవాదుల డబ్బు ఆపడం మీద ఖతార్‌తో ఒప్పందం రాసుకున్నాడు. 2021 జనవరిలో వెలి ముగిసింది. ఆ నాలుగు దేశాలు పెట్టిన 13 డిమాండ్ల సంగతి తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ప్ర: గ్రూప్-1కి చదువుతున్నాను సార్. గ్రే లిస్ట్ గురించి పుస్తకాల్లో నిర్వచనం ఉంది గానీ, దానివల్ల నిజంగా ఏమైనా జరిగిందా లేదా అన్నది ఎవరూ చెప్పరు. మీరు చెప్పండి.
(డిగ్రీ పూర్తిచేసిన విద్యార్థి, గుంటూరు)

జ: మంచి ప్రశ్న తమ్ముడూ. ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్‌ని, అందరూ ఎఫ్‌ఏటీఎఫ్ అంటారు, 1989లో జీ7 దేశాలు పెట్టాయి, ఆఫీసు పారిస్‌లో ఉంది. మొదట డ్రగ్స్ డబ్బు మీద, 2001 అక్టోబర్ నుంచి ఉగ్రవాదుల డబ్బు మీద కూడా పనిచేస్తోంది. మనం 2010లో సభ్యులమయ్యాం. దీనికి సైన్యం లేదు, కోర్టు లేదు, జరిమానా వేసే అధికారమూ లేదు. ఉన్నవి రెండు జాబితాలు: నిఘాలో పెట్టే గ్రే లిస్టు, అంతకంటే కఠినమైన బ్లాక్ లిస్టు. గ్రే లిస్టులో పడిన దేశపు బ్యాంకుతో లావాదేవీ అంటే విదేశీ బ్యాంకులు మళ్లీమళ్లీ కాగితాలు అడుగుతాయి, సరుకు దిగుమతి చేసుకునేవాడికి పని ఆలస్యమవుతుంది, అప్పిచ్చేవాళ్లు వెనకాడతారు. డాలర్లకి కటకటలాడే దేశానికి ఇది చిన్న దెబ్బ కాదు.

పాకిస్తాన్‌ని ఇందులో పెట్టాలన్న ప్రతిపాదన 2018 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు చైనా, సౌదీ, టర్కీ అడ్డుపడ్డాయి. రోజుల వ్యవధిలో చైనా, సౌదీ తప్పుకున్నాయి, టర్కీ ఒక్కటే నిలబడింది, ఒక్క దేశం మాట చాలలేదు. ఆ జూన్‌లో పాకిస్తాన్ జాబితాకెక్కింది. మరుసటి ఏడాది జూన్‌లో సౌదీకి ఈ సంస్థలో పూర్తి సభ్యత్వం దొరికింది, అరబ్ దేశాల్లో మొదటిది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను అనుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతి. 2008 నవంబర్‌లో ముంబైలో 166 మంది చనిపోయాక పదేళ్లపాటు మనం ఆధారాల కట్టలు పంపుతూనే ఉన్నాం. అమెరికా ఆ దాడి చేయించిన లష్కరే తోయిబా స్థాపకుడు హఫీజ్ సయీద్ తల మీద 2012లో కోటి డాలర్ల బహుమతి ప్రకటించింది, అతను లాహోర్‌లో ప్రెస్‌మీట్లు పెడుతూ తిరిగాడు. జాబితాలో పడి, 27 పనులు చేయాలని పట్టీ చేతికిచ్చాక, 2020 ఫిబ్రవరిలో అదే హఫీజ్ సయీద్‌కి లాహోర్ కోర్టు ఉగ్రవాదులకి డబ్బు సమకూర్చిన కేసుల్లో శిక్ష వేసింది. 2021 జనవరిలో లష్కర్ కమాండర్ జకీవుర్ రెహ్మాన్ లఖ్వీకి పడింది. 2022 జూన్ నాటికి, చనిపోయాడని పాకిస్తాన్ చెబుతూ వచ్చిన సాజిద్ మీర్ బతికే ఉన్నట్టు తేలింది, అతనికీ శిక్ష పడింది. ముంబై దాడిని ఫోన్లో నడిపించినవాళ్లలో అతనొకడు. చూశావా, ముంబైలో మనుషుల్ని చంపినందుకు మాత్రం వాళ్లకి అక్కడ ఈ రోజుకీ శిక్ష లేదు, పడినవన్నీ డబ్బు కేసుల్లోనే.

కాబట్టి జరిగిందా అంటే జరిగింది. సిగ్గుతో కాదు, బేరం గిట్టక జరిగింది. 2022 అక్టోబర్‌లో జాబితా నుంచి బయటికొచ్చారు, ఒత్తిడి పోయింది. పహల్గాం తర్వాత 2025 జూన్‌లో, డబ్బూ దాన్ని చేరవేసే దారీ లేకుండా ఇలాంటి దాడులు జరగవని ఎఫ్‌ఏటీఎఫ్ ప్రకటన ఇచ్చింది. ఆ సమావేశంలో పాకిస్తాన్‌ని మాత్రం మళ్లీ జాబితాలో పెట్టలేదు. పరీక్షలో అడిగితే ఇంకో విషయం కూడా రాయి: యూఏఈ 2022 నుంచి 2024 దాకా, టర్కీ 2021 నుంచి 2024 దాకా ఇదే జాబితాలో ఉన్నాయి. పెద్ద దేశాలకి స్నేహితులైనవాళ్లు కూడా పడ్డారు. మనసు పెడితే పెట్టగలరు.

ప్ర: మసూద్ అజర్ పేరుని చైనా అన్నేళ్లు ఎలా ఆపగలిగింది?
(విశాఖపట్నం)

జ: మసూద్ అజర్ జైషే మహమ్మద్ అధిపతి. అలాంటివాళ్ల పేర్లని ఉగ్రవాదుల జాబితాలో చేర్చడానికి ఐక్యరాజ్యసమితి భద్రతామండలి కింద 1267 కమిటీ ఉంది. అందులో నిర్ణయం అందరూ ఒప్పుకుంటేనే. ఒక్క సభ్యదేశం "ఇంకా పరిశీలించాలి" అంటే చాలు, ఫైలు ఆగిపోతుంది, కారణం బయటికి చెప్పనక్కర్లేదు. చైనా అలా నాలుగుసార్లు ఆపింది. పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయాక, అమెరికా ఈ సంగతిని మండలిలో బహిరంగంగా చర్చకి తెస్తానని పట్టుబట్టాక, 2019 మే 1న వదిలేసింది.

ప్ర: 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం నేను దిల్‌సుఖ్‌నగర్‌లో బస్ ఎక్కి వెళ్లిపోయిన పది నిమిషాలకి బాంబులు పేలాయి. రోజూ టీ తాగే చోటు. ఇన్నేళ్లయినా ఆ దారిన వెళ్తే గుండె దడ వస్తుంది. నాకు అర్థంకానిది ఒకటే. ఇలాంటివాళ్లకి నీడనిచ్చే దేశం అని తెలిసి తెలిసి అమెరికా పాకిస్తాన్‌కి అన్ని వేల కోట్లు ఎందుకిచ్చింది? మనకి మిత్రదేశం అంటుంది కదా?
(ఒక ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్)

జ: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ కేసులో ఐదుగురికి పడిన ఉరిశిక్షని 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు సమర్థించింది, మీకు తెలిసే ఉంటుంది. వాళ్ల పైన ఉన్న ఇండియన్ ముజాహిదీన్ నాయకుడు రియాజ్ భత్కల్ మాత్రం దొరకలేదు, పాకిస్తాన్‌లో ఉన్నాడని మన దర్యాప్తు సంస్థలు చెబుతాయి.

మీ ప్రశ్నకి జవాబు ఒక మ్యాప్‌లో ఉంది. అఫ్గానిస్తాన్‌కి సముద్రం లేదు. అక్కడ లక్షమంది అమెరికా సైనికులు తినే తిండి, వాడే ఇంధనం కరాచీ ఓడరేవులో దిగి, లారీల మీద తోర్ఖమ్, చమన్ దారుల్లో వెళ్లాలి. ఆ తాళంచెవి పాక్ సైన్యం జేబులో ఉంది. 2011 నవంబర్‌లో సలాలా అనే సరిహద్దు పోస్టు మీద అమెరికా విమానాలు 24 మంది పాక్ సైనికుల్ని చంపాయి, పాకిస్తాన్ దారి మూసేసింది, ఏడు నెలలు తెరవలేదు. ఉత్తర దిక్కు నుంచి చుట్టు తిరిగి రావడానికి నెలకి పది కోట్ల డాలర్లు అదనంగా అవుతోందని రక్షణమంత్రి పనెట్టా చెప్పుకున్నాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్న పరిస్థితి.

ఇది కొత్తగా వచ్చిన జబ్బు కూడా కాదు. 1985లో అమెరికా పార్లమెంటు ప్రెస్లర్ సవరణ చేసింది, పాకిస్తాన్ దగ్గర అణుబాంబు లేదని అధ్యక్షుడు ఏటా సర్టిఫికెట్ ఇస్తేనే సాయం. సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లో ఉన్నన్నాళ్లూ ఏటా సర్టిఫికెట్ వచ్చింది. 1989 ఫిబ్రవరిలో సోవియట్ సైన్యం వెళ్లిపోయింది, 1990లో సర్టిఫికెట్ ఆగిపోయింది. బాంబు పని ఆ మధ్యలో హఠాత్తుగా మొదలవలేదు కదా, అవసరం తీరిపోయింది అంతే. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత అదే కథ: 2009లో కెర్రీ-లూగర్ చట్టం, ఐదేళ్లకి 750 కోట్ల డాలర్లు, కానీ సైనిక సాయానికి పాకిస్తాన్ ఉగ్రవాద సంస్థల మీద గట్టిగా పనిచేస్తోందని విదేశాంగ మంత్రి రాసివ్వాలి. 2011 మార్చిలో రాసిచ్చారు. మే 2న ఒసామా బిన్ లాడెన్ అబోటాబాద్‌లో, పాక్ సైనిక అకాడమీకి కూతవేటు దూరంలో దొరికాడు. సెప్టెంబర్‌లో అమెరికా సైనిక దళాల అధిపతి మైక్ మల్లెన్, అఫ్గానిస్తాన్‌లో అమెరికా సైనికుల మీద దాడులు చేసే హక్కానీ ముఠా పాక్ గూఢచారి సంస్థ ఐఎస్ఐకి చెయ్యిలాంటిదని సెనేట్ ముందు చెప్పాడు. అక్టోబర్‌లో హిల్లరీ క్లింటన్ ఇస్లామాబాద్‌లోనే నిలబడి, పెరట్లో పాముల్ని పెంచుకుని అవి పక్కింటివాళ్లనే కాటేస్తాయనుకోకూడదని అంది. ఇంత తెలిశాక 2012లో ఏం చేశారు? రాసివ్వడానికి మనసొప్పక, దేశభద్రత దృష్ట్యా ఆ షరతునే పక్కన పెట్టి డబ్బు విడుదల చేశారు.

2018 జనవరి 1న ట్రంప్ ట్వీట్ మీకు గుర్తుండే ఉంటుంది. పదిహేనేళ్లలో 3,300 కోట్ల డాలర్లు తెలివితక్కువగా ఇచ్చాం, వాళ్లు మాకు అబద్ధాలూ మోసమూ తప్ప ఏమీ ఇవ్వలేదు అని. ఆ వారంలోనే సైనిక సాయం ఆపేశాడు. అదే ట్రంప్ 2025లో ఎవరితో భోంచేశాడో పైన రాశాను.

ఇక హెడ్లీ సంగతి తలచుకుంటే నాకు నిద్ర పట్టదు. డేవిడ్ హెడ్లీ అమెరికా పౌరుడు, ఒకప్పుడు వాళ్ల డ్రగ్స్ నిరోధక శాఖకి ఇన్‌ఫార్మర్. ముంబైలో తాజ్ హోటల్ దగ్గర్నుంచి ప్రతి చోటూ వీడియో తీసి లష్కర్‌కి ఇచ్చింది అతనే. ఖర్చులకి పాతిక వేల డాలర్లు ఐఎస్ఐ అధికారి ఒకడు ఇచ్చాడని అతనే షికాగో కోర్టులో చెప్పాడు. నేరం ఒప్పుకున్నందుకు బదులుగా ఉరి లేదు, భారత్‌కి అప్పగింత లేదు అని 2010లో రాసిచ్చారు, 2013లో 35 ఏళ్ల శిక్ష పడింది. అతని స్నేహితుడు తహవ్వుర్ రాణాని 2025 ఏప్రిల్‌లో మనకి అప్పగించారు, అది నిజంగా గొప్ప విషయం, దానికి మన అధికారులు పదిహేనేళ్లు కష్టపడ్డారు. హెడ్లీ మాత్రం రాడు. మీరడిగిన "మిత్రదేశం" అన్న మాటకి ఎల్ల అక్కడుందండి.

ప్ర: ఇక్కడ 9/11 బాధితులు సౌదీ మీద కేసు వేసుకునేలా చట్టం తెచ్చారు. మన దేశంలో పహల్గాం, ముంబై కుటుంబాలకి అలాంటి దారి ఎందుకు లేదు?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్)

జ: మీరన్న చట్టం పేరు జస్టా. 2016 సెప్టెంబర్ 23న ఒబామా వీటో చేశాడు, ఐదు రోజుల్లో సెనేట్ 97-1 తేడాతో, ప్రతినిధుల సభ 348-77 తేడాతో ఆ వీటోని కొట్టేశాయి. ఒబామా ఎనిమిదేళ్లలో వీటో ఓడిపోయింది ఆ ఒక్కసారే. ఆయన భయం కొట్టిపారేసేది కాదు: మనం వాళ్లని కోర్టుకీడిస్తే రేపు మన సైనికుల్ని వాళ్ల కోర్టులకీడుస్తారు అన్నాడు. అమెరికాలో ఉన్న 75 వేల కోట్ల డాలర్ల ఆస్తులు అమ్ముకుంటామని సౌదీ హెచ్చరించినట్టు అంతకు ముందే వార్తలొచ్చాయి. అయినా ఆ కుటుంబాలు వదల్లేదు. పద్నాలుగేళ్లు దాచిపెట్టిన, సౌదీ గురించిన 28 పేజీల నివేదిక అదే ఏడాది జూలైలో బయటికొచ్చింది వాళ్ల పట్టుదల వల్లే. కేసు కొట్టేయమని సౌదీ అడిగితే 2025 ఆగస్టులో న్యూయార్క్ జడ్జి ఒప్పుకోలేదు.

మన దగ్గర సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 86వ సెక్షన్ ఉంది, కేంద్రం అనుమతి లేకుండా విదేశీ రాజ్యం మీద దావా కుదరదు. అనుమతి వచ్చి గెలిచినా పాకిస్తాన్ దగ్గర డబ్బు వసూలు చేయడం దాదాపు అసాధ్యం. మీకు ఇంకొక్క సంగతి చెప్పాలి. ముంబైలో చనిపోయిన అమెరికన్ల బంధువులు 2010లో న్యూయార్క్‌లోనే ఐఎస్ఐ మీద దావా వేశారు. 2012 డిసెంబర్‌లో అమెరికా ప్రభుత్వమే కోర్టుకి వచ్చి, ఐఎస్ఐకీ దాని మాజీ అధిపతులకీ ఈ కేసు నుంచి రక్షణ ఉందని రాసిచ్చింది. తమ పౌరులు చనిపోయిన కేసులో! అయినా నేను మాత్రం మన దగ్గర అలాంటి చట్టం రావాలనే అంటాను. పైసా వసూలు కాకపోయినా సాక్ష్యాలు కోర్టు రికార్డులోకి వస్తాయి, ప్రభుత్వాలు మారినా ఆ రికార్డు మారదు.

ప్ర: అందరినీ అంటున్నాం. ఈ విషయంలో మనకి మచ్చ లేదా?
(రిటైరైన ఉపాధ్యాయుడు, నెల్లూరు)

జ: మాస్టారూ, ఉంది. 1983 తర్వాత శ్రీలంక తమిళ మిలిటెంట్లకి మన గూఢచారి సంస్థ శిక్షణా ఆయుధాలూ ఇచ్చింది, తమిళనాడులో శిబిరాలు నడిచాయి. అప్పటి ముఖ్యమంత్రి ఎంజీఆర్ ఎల్‌టీటీఈకి డబ్బు సాయం చేశారని ఆ సంస్థ నాయకుడు బాలసింగమే రాసుకున్నాడు. శ్రీలంకలో తమిళుల మీద జరిగిన దారుణాలు చూసి జనం కడుపు తరుక్కుపోయి ఇచ్చిన చందాలూ అందులో ఉన్నాయి. తర్వాత ఏమైందో మీకు చెప్పనక్కర్లేదు. 1987లో శాంతి కోసమని వెళ్లిన మన సైన్యం అదే ఎల్‌టీటీఈతో యుద్ధం చేసి దాదాపు 1,200 మంది జవాన్లని పోగొట్టుకుంది. 1991 మే 21న శ్రీపెరుంబుదూర్‌లో రాజీవ్ గాంధీని చంపారు, మీ ఊరికి దక్షిణంగా కొన్ని గంటల ప్రయాణం. మన వేదన చెప్పుకునేటప్పుడు ఈ అధ్యాయాన్ని దాచకూడదు, ఎదుటివాళ్లు మనకి అది గుర్తుచేస్తే మనం కోప్పడకూడదు.

ప్ర: నేను పదిహేడేండ్లు దుబాయ్ ల ఉండి వచ్చిన. అప్పట్ల హవాలానే దిక్కు, బ్యాంకుకు పోను సెలవు దొరకకపోయేది. ఇప్పుడేమో హవాలా అంటెనే ఉగ్రవాదం అంటుండ్రు. మేం చేసింది అంత తప్పా?
(గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన పాఠకుడు, నిజామాబాద్)

జ: చట్టం ప్రకారం తప్పేనన్నా. కానీ మీరు చేసింది ఉగ్రవాదం కాదు, ఆ రెండింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. అక్కడ ఏజెంటుకి దిర్హమ్‌లు ఇస్తే ఇక్కడ అతని మనిషి ఇంటికొచ్చి రూపాయలు ఇచ్చి వెళ్లేవాడు, డబ్బు సరిహద్దు దాటదు, కాగితం ఉండదు. కాగితం లేకపోవడం మీకు సౌకర్యం, నేరం చేసేవాడికీ అదే సౌకర్యం. భత్కల్ ముఠాలాంటివాళ్లకి డబ్బు చేరిన దారుల్లో ఇదొకటని మన దర్యాప్తు సంస్థలు ఎన్నోసార్లు చెప్పాయి.

అయితే పేదవాడి దారి మూయడం ఎంత తేలికో ఒక ఉదాహరణ చెబుతాను. సోమాలియాకి బ్యాంకులు లేని కాలంలో అల్ బరకాత్ అనే సంస్థ ద్వారా విదేశాల్లోని సోమాలీలు ఇంటికి డబ్బు పంపేవారు. 2001 నవంబర్ 7న అమెరికా దాన్ని ఉగ్రవాదుల ఖజానా అని మూసేసింది. ఎన్నో కుటుంబాలకి నెల డబ్బు ఆగిపోయింది. తర్వాత 9/11 కమిషన్ సిబ్బంది చూస్తే ఆ ఆరోపణకి సరైన ఆధారం దొరకలేదు. విమానాలు హైజాక్ చేసినవాళ్లు వాడింది మామూలు బ్యాంకు ఖాతాలు, ఏటీఎం కార్డులు, యూఏఈ నుంచి వచ్చిన బ్యాంకు ట్రాన్స్‌ఫర్లు. దిక్కులేని సోమాలియా మీద ఒక్కరోజులో చర్య తీసుకున్నారు, సౌదీ గురించిన 28 పేజీలకి మాత్రం పద్నాలుగేళ్లు పట్టింది. మీ పిల్లలెవరైనా ఇప్పుడు గల్ఫ్‌లో ఉంటే బ్యాంకు ద్వారానే పంపమనండి, ఫోన్లోనే అయిపోతుంది, రేపు ఏ విచారణా మీ గుమ్మం దాకా రాదు.

ప్ర: సౌదీ ఇప్పుడు పాకిస్తాన్‌తో రక్షణ ఒప్పందం చేసుకుంది కదా. మా జిల్లా నుంచి వేలమంది అక్కడే ఉన్నారు. మనం సౌదీని దూరం పెట్టాలా, మౌనంగా ఉండాలా?
(కడప)

జ: రెండూ వద్దంటాను. సౌదీలో పాతిక లక్షలకి పైగా మనవాళ్లున్నారు, చమురు అక్కణ్ణుంచి వస్తోంది, దూరం పెట్టడం అనేది మాటల్లోనే కుదురుతుంది. మౌనం కూడా అవసరం లేదు, ఎందుకంటే అడిగితే పనైన సందర్భం మన చేతిలో ఉంది. ముంబై దాడి చేసిన పదిమందికి హిందీ నేర్పి, దాడి నడుస్తున్నంతసేపూ కరాచీ కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న అబూ జుందాల్ పాకిస్తాన్ పాస్‌పోర్టుతో సౌదీలో దొరికాడు. వాడు మావాడు, మాకే ఇవ్వండని పాకిస్తాన్ గట్టిగా ప్రయత్నించింది. మనవాళ్లు మహారాష్ట్రలోని అతని కుటుంబసభ్యుల డీఎన్ఏతో సరిపోల్చి చూపించారు. 2012 జూన్‌లో సౌదీ అతన్ని ఢిల్లీ విమానం ఎక్కించింది. అప్పటికీ పాకిస్తాన్ సౌదీకి దశాబ్దాల స్నేహితుడే, కొత్తగా అయింది కాదు.

మనం అడగాల్సింది కూడా అలాంటిదే. సౌదీ, యూఏఈ, ఖతార్ మూడింటితో మనకి ఏటా సమావేశాలున్నాయి. వెళ్లిన ప్రతిసారీ పేర్లు, ఖాతా నంబర్లు, తేదీలు, ఏ ధర్మసంస్థ నుంచి ఎవరికి వెళ్లిందో ఆధారాలతో ఇవ్వాలి, పోయినసారి ఇచ్చినవి ఏమయ్యాయని అడగాలి. వచ్చిన జవాబు, రాకపోతే రాలేదన్న సంగతి, పార్లమెంటు ముందు పెట్టాలి. మీ ఎంపీ ఎవరైనా సరే, విదేశాంగ శాఖకి ఈ ఒక్క ప్రశ్న వేయమని మీరు ఒక కార్డు ముక్క రాయండి. నేనూ మా ఎంపీకి రాశాను, జవాబొస్తే ఇక్కడే అచ్చువేస్తాను.